పన్ను ఉంది... ఓటేదీ?

మలేషియాలో పార్లమెంటు సభ్యుణ్ని ఎన్నుకోవడానికి ఓటుంది. రాష్ట్ర శాసనసభకు పంపడానికి ఓటుంది. వీధి చివర మురుగుకాల్వ బాగోగులు చూసే కౌన్సిలర్‌ని ఎన్నుకునే ఓటు మాత్రం 1965లో ఆగిపోయింది. అక్కడి మన తెలుగువాళ్లతో సహా పట్టణ ప్రజలందరి జీవితాన్నీ పట్టి ఉంచే ఈ వ్యవస్థ ఎలా నడుస్తోంది? ఎవరు నడుపుతున్నారు?

మలేషియాలో సొంత ఇల్లున్న కుటుంబానికి ఏడాదికి రెండుసార్లు స్థానిక మండలి నుంచి బిల్లు వస్తుంది. చుకై తక్సిరాన్ అంటారు దాన్ని. మన ఇంటిపన్నే. మొదటి సగం ఫిబ్రవరి నెలాఖరుకి, రెండో సగం ఆగస్టు నెలాఖరుకి కట్టెయ్యాలి. బిల్లు మీద చూడాల్సిన అంకెలు రెండు. ఆ ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందన్న అంచనా ఒకటి. దాని మీద ఎంత శాతం వసూలు చేస్తారన్నది రెండోది. ఉదాహరణకి అద్దె అంచనా 6,000 రింగిట్లు, పన్ను 4 శాతం అనుకుంటే ఏడాదికి 240, విడతకి 120. గడువు దాటితే బోరాంగ్ ఇ అనే డిమాండు నోటీసు వస్తుంది. దానికీ కదలకపోతే బోరాంగ్ ఎఫ్ వస్తుంది. అది జప్తు వారంటు. అది పట్టుకుని వచ్చినవాళ్లకు ఇంట్లో సామాను తీసుకుపోయే అధికారం ఉంటుంది.

వసూలు ఇంత పకడ్బందీగా జరుగుతుంది. ఆ డబ్బు ఏ వీధిలో ఖర్చు పెట్టాలో తేల్చే మనుషుల్ని ఎంచుకునే హక్కు మాత్రం కట్టినవాళ్లకు లేదు.

మన దగ్గర కౌన్సిలర్ అంటే తెలియనివాళ్లుండరు. అనకాపల్లిలోనో తణుకులోనో కుళాయి రాకపోతే బిందె పట్టుకుని నేరుగా ఆయన అరుగు మీదికే వెళ్తారు. నలుగురిలో నిలదీస్తారు. ఓటడగడానికి మళ్లీ మా గుమ్మంలోకే రావాలి కదా అంటారు. ఆ ఒక్క మాటకున్న బలం ఎంతో మలేషియా పట్టణాలను చూస్తే తెలుస్తుంది. అక్కడ మీ కౌన్సిలర్ ఎవరని అడిగితే పేరు చెప్పగలిగినవాళ్లు అరుదు. చదువు లేక కాదు, బాధ్యత తెలియక కాదు. ఆ పేరు ఎప్పుడూ వాళ్ల చేతుల మీదుగా పెట్టెలో పడలేదు.

ఎవరీ అహ్లి మజ్లిస్?

మలేషియా స్థానిక సంస్థలు ప్రధానంగా మూడు రకాలు. పెద్ద నగరాలకు మజ్లిస్ బందరాయ, పట్టణాలకు మజ్లిస్ పర్‌బందరాన్, చిన్న ఊళ్లూ పల్లెలూ కలిసిన ప్రాంతాలకు మజ్లిస్ దాయెరా. అన్నీ కలిపి దేశంలో సుమారు 150 ఉంటాయి. రాజ్యాంగం స్థానిక పాలనను రాష్ట్రాల జాబితాలో పెట్టింది. ద్వీపకల్ప రాష్ట్రాలన్నింటికీ 1976 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ఆధారం. సబా, సరవాక్‌లకు వేరే చట్టాలున్నాయి.

1976 చట్టంలో పదో సెక్షన్ చదివితే చాలు, వ్యవస్థ గుట్టంతా తెలిసిపోతుంది. మండలికి పెద్దగా మేయరో అధ్యక్షుడో ఉంటారు. నగరమైతే దాతుక్ బందర్, మిగతాచోట్ల యాంగ్ డి పెర్తువా. ఆ పెద్ద కాక 8 మందికి తగ్గకుండా, 24 మందికి మించకుండా కౌన్సిలర్లు ఉంటారు. వాళ్లే అహ్లి మజ్లిస్. అందరినీ నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. వాళ్లలో ఎక్కువమంది ఆ ఊళ్లో ఉంటున్నవాళ్లై ఉండాలి. స్థానిక పాలనలో అనుభవమో, వృత్తి వ్యాపారాల్లో పేరో, తమ సమాజానికి ప్రతినిధిగా నిలిచే సామర్థ్యమో ఉండాలి. పదవీకాలం గరిష్ఠంగా మూడేళ్లు, ఆ తర్వాత మళ్లీ నియమించవచ్చు.

చట్టంలో రాసిన ఈ అర్హతలు మంచివే. ఆచరణలో జరిగేది మాత్రం పంపకం. రాష్ట్రంలో అధికారంలో ఉన్న కూటమి పార్టీలు సీట్లను తమ బలాన్నిబట్టి పంచుకుంటాయి. పార్టీ కార్యాలయం నుంచి జాబితా వెళ్తుంది, రాష్ట్ర ప్రభుత్వం ఆమోదిస్తుంది, ప్రమాణ స్వీకారం జరుగుతుంది. 2008లో ప్రతిపక్షాలు గెలిచిన తర్వాత సెలంగోర్, పెనాంగ్ రాష్ట్రాల్లో కొన్ని స్థానాలను స్వచ్ఛంద సంస్థలవాళ్లకూ, వృత్తి నిపుణులకూ ఇచ్చారు. దానివల్ల సభల్లో కొన్ని గట్టి గొంతులు వినిపించాయి. అయితే పార్టీ మనిషైనా, పార్టీ బయటి మనిషైనా సీటు ఇచ్చేది పైవాళ్లే, తీసేసేదీ వాళ్లే.

అధ్యక్షుడి సంగతి ఇంకా ముఖ్యం. సాధారణంగా ఆ కుర్చీలో కూర్చునేది ప్రభుత్వ సర్వీసు నుంచి వచ్చిన అధికారి. మన దగ్గర మున్సిపల్ కమిషనర్ ఒకరు, చైర్మన్ ఒకరు. ఒకరు ఫైలు నడిపితే మరొకరు ఆ ఫైలును ప్రశ్నిస్తారు. మలేషియాలో ఆ రెండు కుర్చీలూ దాదాపుగా ఒక్కటే. అధికారే కార్యాలయాన్ని నడుపుతారు, కార్యాలయాన్ని ప్రశ్నించాల్సిన సభకూ ఆయనే అధ్యక్షత వహిస్తారు.

అలాగని కౌన్సిలర్ ఉత్తుత్తి పదవేం కాదు. నెలనెలా పూర్తి సమావేశం ఉంటుంది. ఆర్థికం, లైసెన్సులు, ఆరోగ్యం, ఇంజినీరింగు, భవనాల అనుమతులు, ఇలా ఉపసంఘాలుంటాయి. అసలు నిర్ణయాలన్నీ వాటిలోనే తయారవుతాయి. హోటల్ పెట్టాలన్నా, సెలూన్ తెరవాలన్నా, రాత్రి సంతలో బండి వెయ్యాలన్నా మండలి లైసెన్సు కావాలి. ఇంటి వెనక వంటగది పెంచుకోవాలంటే ప్లాను ఆమోదం కావాలి. కొండ చరియ పక్కన ముప్పై అంతస్తులు లేపాలనుకున్న బిల్డరు కూడా ఈ గుమ్మమే తొక్కాలి. గుడి కట్టడానికైనా, కల్యాణ మండపానికైనా కాగితాలు ఇక్కడికే రావాలి. సెలంగోర్ లాంటి చోట్ల ఒక్కో కౌన్సిలర్‌కి ఒక్కో జోను అప్పగించి, కింద నివాసుల కమిటీలు వేశారు. మనసు పెట్టి పనిచేసే కౌన్సిలర్ దొరికిన పేటకు ఆ తేడా ఇట్టే తెలుస్తుంది.

మనసు పెట్టినా చేతికందని పనులూ ఉన్నాయి. తామన్‌లో, అంటే మనం కాలనీ అనే చోట, ఓ వీధిదీపం ఆరిపోయిందనుకుందాం. ఆ దీపం మండలి వేసిన స్తంభం మీదుంటే మండలి బాగుచెయ్యాలి. కరెంటు కంపెనీ తెనగా నేషనల్ స్తంభానికి ఉంటే వాళ్లకు చెప్పాలి. ఆ రోడ్డు ఫెడరల్ రోడ్డో రాష్ట్ర రోడ్డో అయితే ప్రజాపనుల శాఖ చూడాలి. గుంతకూ ఇదే తీరు. ఇంటి ముందు కాల్వ మండలిది. ఆ కాల్వ కలిసే వాగు నీటిపారుదల శాఖది. వర్షానికి వాగు ఎగదన్ని కాల్వ పొంగితే ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఈ ఫోన్లన్నీ చేసే మనిషిగా, ఒక శాఖ గుమ్మం నుంచి ఇంకో శాఖ గుమ్మానికి ఫిర్యాదుని మోసే మనిషిగా కౌన్సిలర్ ఎక్కువ సమయం గడుపుతాడు. గొప్పగా కనిపించదు గానీ, పేట బాగుపడేది ఆ పనితోనే.

మండలి అధికారాలు కూడా ఏళ్లు గడిచేకొద్దీ కరిగిపోయాయి. ఒకప్పుడు జార్జిటౌన్ నగర మండలి సొంతంగా కరెంటు, మంచినీళ్లు, బస్సులు నడిపేది. కరెంటు జాతీయ సంస్థకు పోయింది. మురుగునీటి శుద్ధి 1990లలో ఇందా వాటర్ అనే జాతీయ కంపెనీకి పోయింది. 2007లో ఘన వ్యర్థాల చట్టం తెచ్చి 2011 నుంచి చాలా రాష్ట్రాల్లో చెత్త ఎత్తే పనిని కేంద్రం తన చేతిలోకి తీసుకుని ప్రైవేటు కంపెనీలకు అప్పగించింది. సెలంగోర్, పెనాంగ్, పెరాక్ ఆ చట్టం కిందికి వెళ్లకుండా ఆగాయి.

ఒకప్పుడు ఓటుండేది

ఎన్నికైన మండళ్లు మలేషియాకు తెలియనివి కావు. మనకన్నా వెనకబడి మొదలుపెట్టినవాళ్లూ కారు.

పెనాంగ్ దీవిలోని జార్జిటౌన్‌లో 1801 నాటికే పన్ను అంచనాల కమిటీ ఉంది. 1857లో ఆ ఊరి మున్సిపాలిటీకి ఎన్నికలు జరిగాయి. ఓటు కొద్దిమంది పన్ను కట్టేవాళ్లకే పరిమితం, అయినా అది ఓటే. 1913లో బ్రిటిష్‌వాళ్లు దాన్నీ రద్దు చేసి నియామకాలు తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాలి మారింది. 1951 డిసెంబరు 1న జార్జిటౌన్ ప్రజలు మళ్లీ బారులు తీరారు. స్వాతంత్ర్యానికి ఇంకా ఆరేళ్లు ఉండగానే 15 మంది సభ్యుల్లో 9 మందిని ఎన్నుకున్నారు.

మూడు నెలలు తిరక్కుండా, 1952 ఫిబ్రవరి 16న, కౌలాలంపూర్ మున్సిపల్ ఎన్నికలు జరిగాయి. ఆ దేశ రాజకీయాలను అర్థం చేసుకోవాలనుకునేవాళ్లు ఈ తేదీని గుర్తుపెట్టుకోవాలి. అన్ని జాతులకూ ఒకటే పార్టీ అని మలయ నాయకుడు ఓన్ జాఫర్ పెట్టిన పార్టీని ఓడించడానికి, మలయుల పార్టీ అమ్నో, చైనీయుల పార్టీ ఎంసీఏ ఆ ఊరి మట్టుకు చేతులు కలిపాయి. 12 సీట్లలో 9 గెలిచాయి. ఊరి పొత్తు దేశం పొత్తయింది. తర్వాత భారతీయుల పార్టీ ఎంఐసీ వచ్చి చేరింది. ఆ కూటమే 1957లో స్వాతంత్ర్యం తెచ్చింది. పేరు మార్చుకుంటూ 2018 దాకా దేశాన్ని ఏలింది. ఒక మున్సిపల్ ఎన్నిక నుంచి పుట్టిన కూటమి 61 ఏళ్లు దేశాన్ని పాలించింది. మున్సిపల్ ఎన్నికలను ఆపేసిందీ ఆ కూటమి ప్రభుత్వమే.

జార్జిటౌన్ కథ ఇంకా ఉంది. 1956 నాటికి అక్కడ మండలి మొత్తం ఎన్నికైనదే. 1957 జనవరి 1న ఊరికి నగర హోదా వచ్చింది. తొలి మేయరు డి.ఎస్. రామనాథన్ అనే తమిళుడు, లేబర్ పార్టీ మనిషి. దక్షిణ భారతం నుంచి వలస వెళ్లిన సమాజంలోని ఒక మనిషి, చైనీయులు ఎక్కువగా ఉన్న నగరానికి మేయరయ్యారు. జాతిని చూసే ఓటేస్తారనేవాళ్లు ఈ ఉదాహరణను తరచూ మరిచిపోతారు. సముద్రపు ఒడ్డున 1903లో కట్టిన ఆ తెల్లని సిటీ హాలు ఇప్పటికీ ఉంది.

అన్ని రకాలూ కలిపితే 1960ల మొదట్లో ద్వీపకల్పంలో 370కి పైగా స్థానిక సంస్థలుండేవి. వాటిలో చాలావాటిని ప్రజలే ఎన్నుకునేవారు. కమ్యూనిస్టు తిరుగుబాటు రోజుల్లో ముళ్లకంచెల మధ్య కట్టిన 'కొత్త గ్రామాల'కు కూడా ఎన్నికైన చిన్న మండళ్లుండేవి. 1965 మార్చిలో ఇండోనేషియాతో ఘర్షణ సాగుతున్న రోజుల్లో, అత్యవసర నిబంధనల కింద ఈ ఎన్నికలను తాత్కాలికంగా నిలిపేశారు. ఘర్షణ 1966లో ముగిసింది. ఎన్నికలు మాత్రం తిరిగి రాలేదు. కొన్ని మండళ్లలో అవకతవకలు జరిగాయన్న ఆరోపణలతో రాష్ట్ర ప్రభుత్వాలు వాటిని స్వాధీనం చేసుకున్నాయి. 1966లో జార్జిటౌన్ వంతూ వచ్చింది.

ఆరోపణల నిగ్గు తేల్చడానికి ప్రభుత్వం సెనేటర్ అతి నహప్పన్ అధ్యక్షతన రాయల్ కమిషన్ వేసింది. ఆయన న్యాయవాది, ఎంఐసీ నాయకుడు. నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో రాణీ ఝాన్సీ దళంలో పనిచేసిన జానకి ఆయన భార్య. అధికార కూటమి మనిషే కదా, పైవాళ్లకు నచ్చిన మాటే రాస్తారని అనుకున్నవాళ్లుంటే వాళ్ల అంచనా తప్పింది. 1968 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో కమిషన్ మండళ్ల లోపాలను దాచలేదు. అయినా, ఎన్ని లోపాలున్నా ప్రజలు ఎన్నుకున్న స్థానిక పాలనే మేలనీ, ఎన్నికలను పునరుద్ధరించాలనీ స్పష్టంగా రాసింది. కొద్ది నెలల్లోనే, 1969 మే 13న, కౌలాలంపూర్‌లో జాతుల మధ్య అల్లర్లు చెలరేగాయి. నివేదిక పక్కకి పోయింది. 1976 చట్టం వచ్చి, వందల మండళ్లను కలిపి వందలోపుకు కుదించింది. 15వ సెక్షన్‌తో ఎన్నికలకు తలుపు మూసేసింది.

తోట గేటు దగ్గర ఆగిన మున్సిపాలిటీ

ఈ చరిత్రలో మనవాళ్లు ఎక్కడున్నారు?

విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచీ గోదావరి నుంచీ వెళ్లిన తెలుగు కుటుంబాలు చాలావరకు తోటల్లోకే వెళ్లాయి. మేస్త్రీలు ఊళ్లకు వచ్చి మనుషుల్ని పోగుచేసి ఓడెక్కించేవారు. దిగువ పెరాక్‌లో బాగన్ దాతో కొబ్బరి తోటలు, కెడాలో రబ్బరు తోటలు తెలుగు మాటతో నిండిపోయాయి. 1938లో భారత ప్రభుత్వం ఇలా కూలీలను పంపడాన్ని నిషేధించేదాకా ఈ వలస సాగింది.

తోట అంటే ప్రైవేటు ఆస్తి. లోపల దీపం, నీళ్లు, మందు, బడి, వీధి ఊడ్చే మనిషి, అన్నీ దొర చేతిలోనే ఉండేవి. కూలీ లైన్ల ముందు కాల్వ నిండితే వెళ్లాల్సింది మున్సిపాలిటీకి కాదు, తోట ఆఫీసుకి. ఆఫీసు వింటే సరి, లేకపోతే లేదు. టౌన్లో ఎన్నికల సందడి జరిగిన 1950లలోనూ ఆ సందడి గేటు బయటే ఉండేది. స్వాతంత్ర్యం తర్వాత కూడా గ్రామీణాభివృద్ధి నిధులు మలయ పల్లెలకు వెళ్లాయి గానీ, ప్రైవేటు భూమి అన్న కారణంతో తోటల గేటు దాటలేదు. రెండు మూడు తరాల తెలుగువాళ్లకు స్థానిక ప్రభుత్వమంటే ఏమిటో అనుభవంలోకే రాలేదు. ఈ సంగతి మన వలస చరిత్రల్లో పెద్దగా కనిపించదు. తోట కష్టాలు రాశారు, కల్లు దుకాణాల సంగతి రాశారు. పౌరుడిగా ఫిర్యాదు చేసే చోటే లేకపోవడం కూడా ఒక లోటేనని ఎక్కువమంది రాయలేదు.

తర్వాత తోటలు ముక్కలయ్యాయి, అమ్ముడయ్యాయి, పట్టణాలుగా మారాయి. లైన్లు ఖాళీ చెయ్యమన్నారు. తోటనే నమ్ముకున్న కుటుంబాలు పట్టణాల అంచుల్లో గుడిసెలు వేసుకున్నాయి, తక్కువ ఖర్చు ఫ్లాట్లలోకి చేరాయి. అప్పుడు తొలిసారి మండలి ఎదురైంది. గుడిసె పడగొట్టడానికి వచ్చిన మనుషుల రూపంలో కొందరికి, బండి లైసెన్సు అడిగిన ఇన్‌స్పెక్టర్ రూపంలో కొందరికి. అడగవచ్చనీ, వాదించవచ్చనీ చెప్పే ఎన్నికైన కౌన్సిలర్ అప్పటికే లేడు.

ఇప్పటికీ మండలి స్థానాల పంపకంలో భారతీయుల పేరిట వచ్చేవి కొద్ది సీట్లే. తెలుగువాళ్లకంటూ విడిగా లెక్కేమీ ఉండదు. ఆ కొద్దిపాటి చోటులోనే పార్టీల పరిచయాలను బట్టి ఎవరికైనా దక్కితే దక్కినట్టు. ఓటు ఉంటే, బాగన్ దాతోలోనో కెడాలోని సుంగై పెటానీలోనో ఒకేచోట గుంపుగా ఉన్న కుటుంబాలు తమ పేట సభ్యుణ్ని తేల్చగలిగే స్థితిలో ఉండేవి. నియామకంలో ఆ సంఖ్యకు విలువ లేదు.

కియారా కొండ తీర్పు

కౌలాలంపూర్ పరిస్థితి మిగతా ఊళ్లకన్నా విచిత్రం. 1952లో దేశానికి దారి చూపిన ఆ ఊరికి, 1960 నాటి ఫెడరల్ రాజధాని చట్టంతో ఎన్నికైన మండలే పోయింది. 1974లో కేంద్రపాలిత ప్రాంతమైంది. దాంతో శాసనసభ ఓటూ లేదు. రాజధానివాసికి ఉన్నది పార్లమెంటు ఓటొక్కటే. నగరాన్ని దాతుక్ బందర్ నడుపుతారు. నియమించిన కౌన్సిలర్లు కూడా లేరు, ఉన్నది ఓ సలహా మండలి. 2013లో, 21 ఏళ్ల తర్వాత, ఇళ్ల అద్దె అంచనాలను ఒక్కసారిగా పెంచుతూ నోటీసులు పంపినప్పుడు నగరం భగ్గుమంది. అభ్యంతర పత్రాలు పట్టుకుని జనం బారులు తీరారు. చివరికి పన్ను శాతాలు తగ్గించారు. ఓటు లేని చోట ప్రజలు ఉత్తరాలతో చేసిన పోరు అది.

అంతకన్నా పెద్ద పోరు తామన్ రింబా కియారా పార్కుది. బుకిట్ కియారా ఒకప్పుడు రబ్బరు తోట. ప్రభుత్వం ఆ భూమిని తీసుకున్నప్పుడు అక్కడి భారతీయ కూలీ కుటుంబాలను 1980లలో లాంగ్‌హౌస్‌లలోకి, అంటే పొడవాటి రేకుల వసారాల్లోకి మార్చి, పక్కా ఇళ్లిస్తామన్నారు. దశాబ్దాలు గడిచినా ఇళ్లు రాలేదు. ఆ పక్కనే 25 ఎకరాల పార్కు. ఉదయం నడకకు వచ్చే పెద్దలకూ, ఆటలాడే పిల్లలకూ అదే ఊపిరి. 2017 జులైలో, ఆ పార్కులో 12 ఎకరాల్లో 42 నుంచి 54 అంతస్తుల సర్వీసు అపార్ట్‌మెంట్లు 8 కట్టడానికి దాతుక్ బందర్ అనుమతి ఇచ్చారు. లాంగ్‌హౌస్ వాళ్ల కోసమంటూ 350 ఇళ్ల బ్లాకు ఒకటి కలిపారు. పేదవాడి ఇంటి పేరుతో పార్కు సగం పోయేలా కనిపించింది.

చుట్టుపక్కల నివాసుల సంఘాలు కోర్టుకెక్కాయి. హైకోర్టులో ఓడిపోయాయి. 2021 జనవరిలో అప్పీలు కోర్టు అనుమతిని కొట్టేసింది. 2023 ఏప్రిల్ 18న అత్యున్నతమైన ఫెడరల్ కోర్టు, జస్టిస్ నళిని పద్మనాథన్ రాసిన తీర్పుతో ప్రజల పక్షాన నిలిచింది. నగర ప్రణాళికను ప్రజలకు చూపించి ఆమోదించిన తర్వాత అధికారి ఇష్టం వచ్చినట్టు దాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదని చెప్పింది. నిర్ణయానికి కారణాలు చూపించాల్సిందేనంది. నివాసులకు ప్రశ్నించే హక్కుందని తేల్చింది. అనుమతి ఇచ్చే దాతుక్ బందర్, ఆ పార్కు భూమి పొందిన ఓ ఫౌండేషన్ ధర్మకర్తల్లో కూడా ఉన్న సంగతి కోర్టులో చర్చకు వచ్చింది.

పార్కు నిలిచింది. చాలా గొప్ప తీర్పు ఇది. అయితే దాని కోసం సామాన్యులు దాదాపు ఆరేళ్లు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. లాంగ్‌హౌస్ కుటుంబాల ఇళ్ల మాట విడిగా తేల్చుకోవాల్సి వచ్చింది. పార్కు కావాలనేవాళ్లూ ఇళ్లు కావాలనేవాళ్లూ ఒకే ఓటరు జాబితాలో ఉండి, ఇద్దరి ఓటూ అవసరమైన కౌన్సిలర్ ఒకడుంటే, వాళ్లను ఎదురెదురుగా నిలబెట్టకుండా కూర్చోబెట్టి మాట్లాడించే ప్రయత్నం మొదటే జరిగేది.

భయం అనే సాకు

ఎన్నికలు ఎందుకు పెట్టరని అడిగితే వచ్చే జవాబు ఒకటే: జాతుల మధ్య గొడవలొస్తాయి. పట్టణాల్లో చైనీయులు ఎక్కువ, పల్లెల్లో మలయులు ఎక్కువ, ఓట్లు పెడితే పట్టణాలు ఒక జాతి చేతికి పోతాయి అన్నది వాదం. 2018లో ప్రభుత్వం మారాక, మూడేళ్లలో స్థానిక ఎన్నికలు తెస్తామని సంబంధిత మంత్రి జురైదా కమరుద్దీన్ అన్నారు. ఆ ఏడాది డిసెంబరులోనే ప్రధాని మహతీర్ మొహమ్మద్ ఆ ఆలోచనను తోసిపుచ్చారు. ఆయన చెప్పిన కారణమూ అదే.

1969ని చూసిన తరానికి ఆ భయం నిజమైనదే. దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. కాని ఆ భయం వెనకున్న లెక్క పాతది. 2020 జనాభా లెక్కల నాటికి దేశంలో 75 శాతం మంది పట్టణవాసులే. పల్లెల నుంచి లక్షల మలయ కుటుంబాలు పట్టణాలకు చేరాయి. తామన్ కాల్వ పొంగితే అందరి ఇళ్లలోకీ నీళ్లొస్తాయి. చెత్త ఎత్తని వీధిలో అందరి పిల్లలకూ డెంగ్యూ వస్తుంది. పార్లమెంటుకీ శాసనసభలకీ ఓటేస్తూ శాంతిగా ప్రభుత్వాలనే మార్చుకున్న ప్రజలు, వార్డు సభ్యుణ్ని ఎన్నుకుంటే తన్నుకుంటారనడం వాళ్లను తక్కువ చెయ్యడమే.

పెనాంగ్ ఒకసారి గట్టిగా తలుపు తట్టింది. 2012లో సొంతంగా స్థానిక ఎన్నికల చట్టం చేసింది. 2014 ఆగస్టులో ఫెడరల్ కోర్టు అది చెల్లదంది. 1976 కేంద్ర చట్టం ఉండగా దానికి విరుద్ధంగా రాష్ట్రం చట్టం చెయ్యలేదని చెప్పింది. రాజ్యాంగంలో ఇలాంటి ఎన్నికలు నిర్వహించే బాధ్యతను ఎన్నికల సంఘానికి అప్పగించే వీలుంది. అడ్డుగా ఉన్నది మామూలు చట్టంలోని ఒక సెక్షన్. పార్లమెంటు తలచుకుంటే ఒక్క సవరణతో పోతుంది.

ఇది చదివి మనం గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోలేం. మన రాజ్యాంగంలో 74వ సవరణ ఉంది, ఐదేళ్లకోసారి మున్సిపల్ ఎన్నికలు పెట్టి తీరాలని స్పష్టంగా రాసి ఉంది. అయినా మలేషియా తెలుగువాళ్ల తాతల ఊరు విశాఖపట్నానికి 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన పాలకవర్గం లేదు. తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారులే నడిపారు. హైదరాబాద్ కూడా 1986 ఎన్నికలకు ముందూ, తర్వాత 2002 దాకా మధ్యలోనూ ఏళ్లకేళ్లు అధికారుల పాలనలోనే ఉంది. మలేషియా చట్టం రాసి ఓటు తీసేసింది. మనం చట్టం ఉంచుకుని వాయిదాలతో తీసేస్తున్నాం. వీధిలో గుంత లోతు రెండు చోట్లా ఒకటే.

చేతిలో ఉన్నవి

ఓటు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. అక్కడి చట్టాలే కొన్ని తలుపులు తెరిచి ఉంచాయి, మనవాళ్లు వాటిని ఎక్కువగా వాడరు. పూర్తి మండలి సమావేశం, సభ వద్దని తీర్మానిస్తే తప్ప, ప్రజలకూ పత్రికలకూ తెరిచే ఉండాలి. వెళ్లి వెనక వరుసలో కూర్చోవచ్చు. పన్ను కట్టేవాళ్లు సభ మినిట్సు చూడవచ్చు, ప్రతి అడగవచ్చు. కొత్త పన్ను అంచనా వచ్చినప్పుడు నోటీసులోని గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. అలా రాసినవాళ్ల మాట వినాల్సిందే. స్థానిక ప్రణాళిక ముసాయిదా బయటపెట్టినప్పుడు అభ్యంతరాలకు కనీసం నాలుగు వారాలు గడువిస్తారు. శ్మశానానికి స్థలం, గుడి చుట్టూ హద్దు, బడి పక్కన ఆటస్థలం, వీటి గురించి అడగాల్సిన సమయం అదే. ఒకసారి రంగు వేసిన పటం వెలువడితే తర్వాత మొత్తుకుని లాభం ఉండదు. పెనాంగ్ 2010లో, సెలంగోర్ 2011లో రాష్ట్ర సమాచార హక్కు చట్టాలు చేశాయి.

మలేషియా తెలుగు సంఘం 1955 నుంచి పనిచేస్తోంది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయంటే దాని వెనక ఆ సంఘం శ్రమ ఎంతుందో ఊహించవచ్చు. ఉగాది, భాష తరగతులు, కూచిపూడి, అన్నీ నిలబెట్టుకున్నారు. ఆ తరగతుల్లోనే ఒక గంట పన్ను బిల్లు చదవడం, అభ్యంతర పత్రం నింపడం, ప్రణాళిక పటం చూడటం నేర్పితే మన పిల్లలు మంచి తెలుగువాళ్లే కాక తమ ఊరికి గట్టి పౌరులూ అవుతారు. తాతలకు తోట గేటు లోపల దక్కని చదువు ఇది.

మలేషియాలో ఉన్న తెలుగు పాఠకులకు ఒక విన్నపం. వచ్చే విడత బిల్లు కట్టడానికి మండలి కార్యాలయానికి వెళ్లినప్పుడు మీ జోను కౌన్సిలర్ పేరు, ఫోన్ నంబరు, వచ్చే పూర్తి సమావేశం తేదీ అడిగి రాసుకోండి. ఆ సమావేశానికి మీ వీధి నుంచి కనీసం ఇద్దరు వెళ్లండి. ఇక్కడున్న పాఠకులకూ ఒక మాట. మీ మున్సిపాలిటీకి చివరిసారి ఎన్నికలు ఎప్పుడు జరిగాయో, పాలకవర్గం గడువు ఎప్పటితో ముగుస్తుందో తెలుసుకోండి. గడువు దాటి ప్రత్యేకాధికారి కూర్చుంటే, ఎన్నికలు ఎప్పుడని మీ ఎమ్మెల్యేని రాతపూర్వకంగా అడగండి.